తెల్ల ఇసుక పాట

అనగనగా ఒక అడవి. అన్ని అడవుల్లాగే అక్కడా తినేవి తింటాయి, పరిగెత్తేవి పరిగెడతాయి. కాకపోతే ఆ అడవికి ఒక పాటగత్తె ఉండేది. పేరు గిలకమ్మ. ఏదుపంది.

ఏదుపంది ఏం పాడుతుందని నవ్వకండి. గొంతు గరుకే. కానీ దాని తోక దగ్గర బోలు ముళ్ళుంటాయి. ఆడిస్తే గలగలమంటాయి. అదే దాని తాళం. డప్పు లేదు, సన్నాయి లేదు. ఒకరి పాట పాడేదీ కాదు. తన పాటలు తనే కట్టుకునేది.

దానికి ఒక పద్ధతి ఉంది. ఎవరి సంగతి పాట కట్టాలన్నా ముందు వాళ్ళ దగ్గరికి పోయి అడిగేది. వాళ్ళు సరే అంటేనే కట్టేది. పాడే ముందు ఆ సంగతి నలుగురికీ చెప్పేది. చెప్పాకే ముళ్ళు ఆడించేది.

ఒకసారి ఎలుగుబంటి బోడన్న తేనె కోసం చెట్టెక్కాడు. పట్టు చూస్తే ఖాళీ. దిగితే నవ్వుతారని పొద్దు వాలేదాకా కొమ్మ మీదే కూర్చున్నాడు.

"నీ సంగతి పాట కట్టుకోనా అన్నా?" అని అడిగింది గిలకమ్మ.

"కట్టుకో. చెట్టు పొడుగు మాత్రం కాస్త పెంచి చెప్పు" అన్నాడు బోడన్న.

ఇంకోసారి ముసలి కోతి మారేడుకాయ కొరికి, ఉన్న ఒక్క పన్నూ పోగొట్టుకుంది. "నా పన్ను మీద పాటా? పాడవే తల్లీ. ఆ కాయని మాత్రం నాలుగు తిట్టు" అంది.

మూడోది జింక పొడలమ్మది. దాని కూన వాగు మలుపులో పోయింది. పైకి చూస్తే అక్కడ తెల్లటి ఇసుక. కిందంతా ఊబి. కాలు పెడితే లాగేస్తుంది.

గిలకమ్మ దాని దగ్గరికీ పోయి అడిగింది. పొడలమ్మ అంది:

"పాడుకో. నా పేరు చెప్పినా మానినా ఒకటే. అది ఊబి అని మాత్రం పాటకి ముందు చెప్పు. చెప్పకుండా ఒక్కసారి కూడా పాడకు."

"మాటిస్తున్నా పొడలమ్మా" అంది గిలకమ్మ.

ఆ పాట ఇది:

వాగు మలుపున తెల్ల ఇసుక
కాలికి మెత్తని తెల్ల ఇసుక
పొద్దు వాలింది రారా కూనా
అమ్మ నిలుచుంది గట్టు మీన

పాటలో ఊబి మాట లేదు చూశారా? ఆ సాయంత్రం ఆ తల్లి గట్టు మీద నిలబడి పిలిచిన పిలుపే ఆ పాట. అప్పటికి దానికీ తెలీదు కదా.

కొన్నాళ్ళకి నెమలి పించయ్య కూతురి పెళ్లి వచ్చింది. మగపెళ్ళివారిది కొండ అవతలి అడవి. వాళ్ళతో పక్షులూ వచ్చాయి, మృగాలూ వచ్చాయి. గంధమ్మ అనే కణితి దుప్పి కూడా దూడని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ దూడ పేరు తుర్రు. ఒక్కచోట నిలవదు.

సాయంత్రం గిలకమ్మని పిలిచి బండ మీద నిలబెట్టారు. అది గొంతు సవరించుకుని "ఇది మా బోడన్న సంగతి..." అని మొదలెట్టింది.

పించయ్య చెవి దగ్గరికి వచ్చాడు. "చుట్టాలకి బోడన్న ఎవరో తెలుసా ఏంటి? కథ వదిలెయ్, పాట అందుకో."

వదిలేసింది. ఏం కాలేదు. అందరూ కాళ్ళు తాటించి మెచ్చుకున్నారు.

"ఇది మా కోతి ముసలమ్మ..."

"మళ్ళీ మొదలెట్టావా? వాళ్ళు ఆవులిస్తున్నారు. పాట, పాట!"

అదీ వదిలేసింది. అప్పుడూ ఏం కాలేదు. ఈసారి మెప్పు ఇంకా గట్టిగా వచ్చింది. గిలకమ్మ ముళ్ళు వాటంతటవే నిక్కబొడుచుకున్నాయి.

మూడోది తెల్ల ఇసుక పాట. "ఇది..." అనగానే పించయ్య పించం అడ్డం పెట్టాడు.

"శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే ఊబీ చావూ ఎందుకమ్మా? నా కూతురు ఇవాళే కదా కొత్త గూటికి పోతోంది. నీకు దణ్ణం పెడతా."

గిలకమ్మ జనంలోకి చూసింది. పొడలమ్మ లేదు. కూన పోయిన దగ్గర్నుంచి పెళ్లిళ్ళకి రావడం మానేసింది.

"ఒక్క పూటకి ఏమవుతుంది? పొద్దున వాళ్ళు బయల్దేరేటప్పుడు చెప్తాలే" అనుకుంది గిలకమ్మ. పాడేసింది.

అంత మెప్పు దానికి ఎన్నడూ రాలేదు. పిల్లలంతా మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. అందరికన్నా ముందు నేర్చుకున్నది తుర్రు.

ఇంతకీ ఏదుపంది పగలు నిద్రపోయే జీవం. పుట్టిన దగ్గర్నుంచి ఒక్క పొద్దుటి పూటైనా మేలుకున్నది కాదు. అది తెలిసే పొద్దున చెప్తాననుకుంది.

పొద్దున చుట్టాలు బయల్దేరారు. గిలకమ్మ బొరియలో గుర్రుపెట్టి నిద్రపోతోంది. నిద్రలో ఎక్కడో తన పాటే వినిపించింది. చిన్న గొంతు. దూరంగా పోతోంది. తర్వాత పాట ఆగింది. ఒక తల్లి అరుపు లేచింది.

గిలకమ్మ వెలుగుకి కళ్ళు చిట్లించుకుంటూ వాగు మలుపుకి పరిగెత్తింది. అప్పటికే ఇసుక మళ్ళీ చదునుగా, తెల్లగా, ఏం ఎరగనట్టు ఉంది. గట్టు మీద గంధమ్మ నిలబడి ఉంది. పక్కనే పొడలమ్మ.

"ఈ ఇసుక సంగతి నీకు తెలుసా?" అని అడిగింది గంధమ్మ.

"తెలుసు."

"ఆ పాట నీదేనా?"

"నాదే."

గంధమ్మ ఇసుక వైపు తిరిగింది.

"వాడి రాత అట్లా ఉంది. ఎవరం ఏం చేస్తాం?" అన్నాడు చుట్టాల్ని సాగనంపడానికి వచ్చిన పించయ్య.

"రాత కాదు. రెండు మాటలు. చెప్పాల్సిన రెండు మాటలు చెప్పలేదు" అంది పొడలమ్మ.

గిలకమ్మ తల దించుకుంది. "ఇక పాడను పొడలమ్మా. ఈ తోక ముళ్ళు పీకి పారేస్తా."

"పీకితే ముళ్ళే పోతాయి. పాట పోదు. అది పిల్లల నోళ్ళలో పడింది, కొండ దాటి పోతోంది. అక్కడోళ్ళు మళ్ళీ ఈ దారినే వస్తారు. పాట వెనకాల కథ కూడా పోవాలి. లే, నడువు."

గిలకమ్మ లేచింది. పట్టపగలు, కళ్ళు మండుతుంటే, ఆ చుట్టాల మంద వెనకాలే కొండెక్కింది. అవతలి అడవిలో ప్రతి మంద దగ్గరికీ, ప్రతి గూటి దగ్గరికీ పోయింది. "ముందు కథ వినండి" అంది. కొందరు విన్నారు. కొందరు తరిమారు. తరిమినచోటికి మర్నాడు మళ్ళీ పోయింది. గంధమ్మ మాత్రం దానితో మాట్లాడలేదు. ఎప్పటికీ మాట్లాడలేదు.

వానలొచ్చి పోయాయి. ఒకనాడు గిలకమ్మ ఆ అవతలి అడవిలో ఒక వాగు పక్కన పోతుంటే పొద వెనకాల మాటలు వినపడ్డాయి. గంధమ్మకి కొత్తగా పుట్టిన దూడ. దాని ఎదురుగా ఒక కుందేలు పిల్ల.

"మొదట మా అన్న సంగతి చెప్తా. తర్వాత పాట" అంటోంది దూడ.

"కథ ఎవడిక్కావాలి? పాట పాడు!"

"కథ వినకపోతే పాట లేదు, పో."

కుందేలు పిల్ల మూతి ముడుచుకుంది. చెవులు దించింది. చివరికి కూర్చుంది.

గిలకమ్మ ముళ్ళు ఆడించలేదు. పొద వెనకాలే నిలబడి ఆ కథ మొత్తం విన్నది.

నీతి: చేదుగా ఉందని నిజాన్ని దాచి తీపి ఒక్కటే పంచితే, ఆ తీపే ఎవరో ఒకరి ప్రాణం మీదికి తెస్తుంది.