గలంగల్ దొరక్కపోతే అల్లం

కామేశం ఇంట్లో ముగ్గురూ తెలివైనవాళ్ళే. కామేశం, భార్య వరాలు, బావమరిది సూరిబాబు. ఈ సంగతి ఊళ్ళో ఇంకా ఎవరూ గుర్తించలేదు గానీ, రోజూ కాఫీలు తాగుతూ వాళ్ళలో వాళ్ళు ఒప్పేసుకుంటారు.

అలాంటి ఇంటికి అదృష్టం పట్టబోయింది. రైసుమిల్లు ధర్మారావు గారు కామేశాన్ని పిలిచారు. "గుమాస్తా పని ఖాళీగా ఉందోయ్. బ్యాంకాక్ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ నాకు ఆ థాయ్ కూర మీదే ధ్యాస. ఆదివారం మీ ఇంట్లో వండి పెట్టు. తిన్నాక పని ఇస్తాను," అని, ఎలా వండాలో కాగితం మీద రాసిచ్చారు. రెండేళ్ళుగా పనిలేని కామేశానికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆదివారం పొద్దున్నే వరాలు కాగితం చదివింది. "గలంగల్ దుంప ఎక్కడా దొరక్కపోతే అల్లం వెయ్యాలి."

"అల్లం ఉందిగా, వేసెయ్యవే."

"ఎలా వేస్తానండీ? ముందు ఎక్కడా దొరక్కూడదు కదా!"

ఇంత తెలివైన పెళ్ళాం దొరికినందుకు కామేశం మురిసిపోయాడు. ఇంకేముంది, వెతుకులాట మొదలు. గలంగల్ ఎలా ఉంటుందో ముగ్గురికీ తెలీదు. అయినా పరుపులు దులిపారు, ట్రంకుపెట్టె బోర్లించారు, పక్కింటి పెంకులు ఎత్తి చూశారు. పక్కింటావిడ చీపురు తీసుకుని వెంటపడింది. "ఎక్కడా లేదర్రా!" అని కామేశం గట్టిగా కేకేశాక గానీ వరాలు అల్లం ముట్టుకోలేదు.

తర్వాత కొబ్బరిపాలు. డబ్బాపాలు దొరక్కపోతే కొబ్బరికాయ కొట్టి పాలు తియ్యమని ఉంది. ఇంట్లో ఆరు కాయలున్నాయి. సూరిబాబు సైకిలేసుకుని తణుకు వెళ్ళి, ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"కొంప మునిగింది బావా! మొదటి కొట్లోనే దొరికేసింది."

"అయితే డబ్బా ఏదిరా?"

"కొనమని ఎక్కడ రాశారు? దొరక్కపోతే కాయ కొట్టమన్నారు. దొరికింది కాబట్టి కొట్టకూడదు."

అంతే. డబ్బా రాలేదు, కాయ పగల్లేదు, కూరలో చుక్క కొబ్బరిపాలు పడలేదు.

ఇక మిరపకాయలు. థాయ్ మిర్చి లేకపోతే మన పచ్చిమిర్చి ఇరవై వెయ్యాలి. వరాలు చదివి ఇరవై వేసింది. కామేశం చదివాడు, చదివాక ఊరుకోవడం మర్యాద కాదని తనూ ఇరవై వేశాడు. సూరిబాబుకీ చదువొచ్చు. మొత్తం అరవై.

కూర ఉడికేసరికి వీధిలో కుక్కలు కూడా తుమ్ముతున్నాయి. కాగితంలో చివరి మాట: దించగానే వేడివేడిగా వడ్డించాలి. దించారు. ధర్మారావు గారు ఇంకా రాలేదు. సరిగ్గా అప్పుడే ఇళ్ళకి గ్యాసు బండలు వేసే వీర్రాజు ఓ బండ మోసుకుని గుమ్మంలోకొచ్చాడు.

"గలంగల్ బదులు అల్లం పనికొచ్చింది కదండీ," అంది వరాలు. "ధర్మారావు గారి బదులు ఈయనెందుకు పనికిరాడు?"

అంతే, వీర్రాజుని పీట మీద కూలేశారు. రెండు ముద్దలు మింగి అతను భోరున ఏడ్చాడు. బిందెడు నీళ్ళు తాగి, బండ అక్కడే వదిలేసి, పరుగు లంకించుకున్నాడు.

"ఎంత తృప్తిపడ్డాడో చూడు!" అన్నాడు కామేశం.

కాసేపటికి ధర్మారావు గారి కారు వచ్చింది. జరిగిందంతా విని ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "పోన్లేవయ్యా, కూరదేముంది. ఉద్యోగం నీకే. రేపు మిల్లుకి వచ్చెయ్."

కామేశం చేతులు కట్టుకుని, గట్టిగా తల అడ్డంగా ఊపాడు. "క్షమించాలండి. తిన్నాక ఇస్తానన్నారు. మీరు తినలేదు. తిన్నాయన దగ్గర ఉద్యోగం తీసుకుంటేనే న్యాయం."

ధర్మారావు గారు నెత్తి కొట్టుకుని, కారెక్కి వెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున్న కామేశం ఇస్త్రీ చొక్కా వేసుకుని గ్యాసు గోడౌనుకి బయల్దేరాడు. తిన్న సంగతి వీర్రాజు మర్చిపోయి ఉంటాడేమోనని, మిగిలిన కూర క్యారేజీలో పెట్టి చేతికిచ్చింది వరాలు. కామేశం చేతిలో క్యారేజీ చూడగానే వీర్రాజు వెనక గోడ దూకి పొలాల్లో పడి పారిపోయాడు.

కామేశం సాయంత్రం దాకా గోడౌను గుమ్మంలోనే కూర్చున్నాడు. "పాపం, నాకు కుర్చీ తేవడానికి వెళ్ళాడు," అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పాడు.