మసేనమ్మ పొద్దున్న మాట

అనగనగా ఒక సముద్రం ఉండేది కన్నా. ఆ సముద్రం ఒడ్డున చిన్న బెస్తపల్లె. ఆ పల్లెలో మసేనమ్మ అని ఒకావిడ ఉండేది. పొద్దున్నే పడవలు రాగానే చేపలు గంపకెత్తుకుని, మూడు ఊళ్ళు తిరిగి అమ్ముకొచ్చేది. "చేపలమ్మా చేపలూ" అని ఆవిడ కేకేస్తే వీధి చివరి పిల్లి కూడా లేచి వచ్చేదిట.

ఒక ఏడు తుఫానొచ్చింది. మసేనమ్మ మొగుడి పడవ తిరిగి రాలేదు. ఏడ్చి ఏడ్చి నిద్రపట్టక కూర్చుంటే, ఎవరో జాలిపడి ఇంత సారా పోశారు. ఆ పూట నిద్రపట్టింది. మర్నాడూ తాగింది. ఆ తర్వాత నిద్ర కోసం కాదు, చేతులు వణక్కుండా ఉండటానికి తాగడం మొదలుపెట్టింది. తాగకపోతే చేపలు కోసే కత్తిపీట ముందు కూర్చోలేకపోయేది పాపం.

ఆవిడకి కొర్లమ్మ అని తొమ్మిదేళ్ళ కూతురు. ఒకరోజు మధ్యాహ్నం మసేనమ్మ పొయ్యి మీద కూర పెట్టి, తాగి పడుకుంది. పాకకి నిప్పంటుకుంది. ఆ చిన్నపిల్ల ఒక్కతే కుండలో నీళ్ళు తెచ్చి పోసి ఆర్పింది. ఆ తర్వాత పక్కవీధిలో ఉన్న నానమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. "రావే" అని తల్లి పిలిచినా రాలేదు.

ఆ రోజు మసేనమ్మ మానేద్దామనుకుంది.

మొదటిసారి గంగమ్మ మీద ఒట్టేసింది. రెండు రోజులు ఆగింది. మూడోరోజు ఒళ్ళంతా చెమటలు, వణుకు. తాగేసింది. రెండోసారి పుట్టింటికి వెళ్ళి పది రోజులుంది. అక్కడ బాగానే ఉంది. తిరిగొస్తుంటే దారిలో సారాపాక వాసన తగిలింది, అంతే, కాళ్ళు అటే నడిచాయి.

అప్పుడు ఆవిడ అత్త కాసులమ్మ, అదే కొర్లమ్మ నానమ్మ, వచ్చింది. ముసలావిడ, మాట తక్కువ మనిషి. కోడలి పక్కన కూర్చుని, "ఒట్లతో పోయేది కాదే పిల్లా. ఇది జబ్బు. జబ్బని ఒప్పుకుని నడు" అంది. చెయ్యి పట్టుకుని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడ డాక్టరమ్మ పన్నెండు రోజులు ఉంచుకుంది. "ఇన్నాళ్ళు తాగిన ఒళ్ళు ఒక్కసారిగా మానేస్తే తిరగబడుతుందమ్మా. దానికి మాత్రలు నేనిస్తాను. మిగతా మూడు పనులు నీవి. వేళకి తిను. వేళకి పడుకో. తాగాలనిపించినప్పుడు దాచుకోకుండా ఎవరికైనా చెప్పు" అంది.

తినడం తొందరగానే అలవాటయింది. నిద్రకి కొన్నాళ్ళు పట్టింది. మూడోదే కష్టమైపోయింది, కన్నా. సిగ్గు కదా మరి. అయినా సాయంత్రమయ్యేసరికి నాలుక పీకేస్తుంటే, అత్త గుమ్మంలో నిలబడి, "అత్తా, తాగాలనుంది" అనేది. ఎందుకనీ ఏమిటనీ అత్త అడిగేది కాదు. ఉడికిన చిలగడదుంప ఒకటి చేతిలో పెట్టి, చిరిగిన వల ఒక కొస పట్టుకోమనేది. వల అల్లుతూ అల్లుతూ ఉంటే ఆ గండం గడిచిపోయేది.

ఆ తర్వాత మసేనమ్మ దారి మార్చింది. సారాపాక ఎదురుపడకుండా సరుగుడు తోట చుట్టూ తిరిగి, అంత గంపా నెత్తిన పెట్టుకుని మైలు దూరం ఎక్కువ నడిచేది. తలకి నూనె పెట్టుకుని నున్నగా దువ్వుకునేది. చేతుల వణుకు తగ్గింది. కొర్లమ్మ మాత్రం నానమ్మ కొంగు చాటు నుంచి చూసేదే గానీ, దగ్గరికి వచ్చేది కాదు.

ఐదు నెలలు గడిచాయి. మొగుడు పోయిన రోజు మళ్ళీ వచ్చింది. ఆ రోజు మసేనమ్మ అత్త గుమ్మానికి వెళ్ళలేదు. తోట దారినీ వెళ్ళలేదు. తాగేసింది.

మర్నాడు లేచేసరికి ప్రాణం చచ్చిపోయినట్టుంది. పుట్టింటికి పారిపోదామా అనుకుంది. ఏమీ జరగనట్టు ఊరుకుందామా అనుకుంది. చాలాసేపు కూర్చుంది. అప్పుడు లేచి మొహం కడుక్కుంది. చద్దన్నం తింది. తిన్నగా అత్త ఇంటికి నడిచింది. వాకిట్లో కొర్లమ్మ ఉంది. పిల్ల వింటోందని తెలిసీ చెప్పింది.

"అత్తా, నిన్న తాగాను."

కాసులమ్మ తలెత్తి అడిగింది. "చద్దన్నం తిన్నావా?"

"తిన్నాను."

"అయితే పద, డాక్టరమ్మకి కూడా చెప్పొద్దాం."

అప్పుడు కొర్లమ్మ లేచి నిలబడింది. ఇదివరకు అమ్మ నోరు వాసన కొడుతున్నా "తాగలేదే" అనేది. ఇవాళ ఎవరూ అడక్కుండా తనే చెప్పింది. "మళ్ళీ తాగుతావా అమ్మా?" అని అడిగింది.

మసేనమ్మకి "జన్మలో తాగను" అనేద్దామనిపించింది. ఆ మాట ఇదివరకు చాలాసార్లు అంది. అందుకని, "ఇవాళ తాగను. రేపటి మాట రేపు పొద్దున్న వచ్చి చెబుతాను" అంది.

చెప్పినట్టే వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. వానలో తడుస్తూ వచ్చింది, జ్వరంలో దుప్పటి కప్పుకుని వచ్చింది. "ఇవాళ తాగను" అని చెప్పి గంపెత్తుకుని వెళ్ళేది. తుఫాను దాటొచ్చిన మగాళ్ళని మెచ్చుకునే పల్లె కదా అది, మెల్లగా మసేనమ్మనీ అలాగే చూడటం మొదలుపెట్టింది. ఆవిడ వస్తుంటే పక్కకి జరిగి దారిచ్చేవాళ్ళు.

ఏడాది తిరిగింది. ఒకనాడు దీపాలు పెట్టే వేళకి కొర్లమ్మ బట్టల మూటతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నానమ్మ గురక పెడుతోంది. ఇక్కడ పడుకుంటాను" అంది.

మసేనమ్మ ఏడవలేదు. "కాళ్ళు కడుక్కుని రా, అన్నం వేడిగా ఉంది" అని, రెండో కంచం తీసి కింద పెట్టింది.

కథ నడిచె కంచికి,
కెరటమేమో ఒడ్డుకి,
మనమొచ్చాం ఇంటికి,
కునుకొచ్చె కంటికి.