బెల్లం బండిని చూసిన ముగ్గురు

అనగనగా ఒక అడవిలో, పిల్లలూ, కొండ మీదికి మెలికలు తిరుగుతూ పోయే పొడవాటి బండ్ల బాట ఒకటి ఉండేది. కింద ఏటి ఒడ్డున మొదలయ్యేది. పైన కనుమ దాకా వెళ్ళేది. కనుమ అంటే రెండు కొండల మధ్య ఇరుకుదారి. అది దాటితే అవతల వేరే అడవి. అక్కడ ఈ అడవి సింహం మాట చెల్లదు.

ఆ బాట మీద పొద్దున లేచింది మొదలు బండ్లు నడుస్తూనే ఉండేవి. ఎద్దులు ఉప్పు తీసుకెళ్ళేవి. గాడిదలు కుండలూ తట్టలూ తీసుకెళ్ళేవి. దున్నపోతులు పెద్ద పెద్ద దుంగలు దించేవి. ఎండైనా వానైనా వాటి పని ఆగేది కాదు. అవి ఆగితే అడవిలో ఎవరింటికీ ఉప్పు గల్లు చేరదు మరి.

ఆ బాటకి గస్తీ కాసేవాడు పైడిరాజు అనే కణుజు. కణుజు అంటే పెద్ద కొమ్ముల దుప్పి. సింహమే అతన్ని ఆ పనిలో పెట్టింది. ఏటి ఒడ్డు నుంచి కనుమ దాకా రోజుకి మూడుసార్లు తిరిగి వచ్చేవాడు. ఎవరి దగ్గరా గడ్డిపరక ఆశించేవాడు కాదు. నిద్రపోతున్నప్పుడు కూడా అతని చెవులు కదులుతూనే ఉంటాయని అందరూ చెప్పుకునేవారు.

అంత మంచివాడికీ ఒక్క లోపం ఉండేది. బండ్ల వాళ్ళంటే అతనికి లెక్కలేదు. వాళ్ళు దారికి అడ్డం, దుమ్ము రేపుతారు, అంతే అనుకునేవాడు. "ఏయ్ ఉప్పుబండీ, పక్కకి జరుపు" అనేవాడే కానీ ఏ ఒక్కరి పేరూ అడిగి ఎరగడు.

ఒకసారి గవరయ్య అనే ముసలి ఎద్దు ఆగి, రెండో మలుపులో గట్టు రాళ్ళు వదులయ్యాయని అతనికి చెప్పబోయాడు. పైడిరాజు చివరిదాకా విననే లేదు. బండి లాగడం నీ పని, చూడటం నా పని అని పంపేశాడు. వారం తిరక్కుండా ఆ గట్టు కూలింది. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగల్లేదు. పైడిరాజు రాళ్ళు తీయించి ఆ సంగతి మరిచిపోయాడు. బండ్ల వాళ్ళు మాత్రం మరిచిపోలేదు. అప్పటి నుంచి దారిలో ఏం చూసినా తమలో తామే చెప్పుకునేవారు.

ఒకరోజు పొద్దున్నే ఒక దుమ్ములగొండి బండి లాక్కుంటూ వచ్చింది. దుమ్ములగొండి తెలుసుగా, వీపు వంగి, మెడ మీద జూలుతో, ఎముకలు కొరికే జంతువు. బండి మీద చుట్టూ తడికెల గూడు కట్టి ఉంది. ముందు వైపు పెద్ద బెల్లం దిమ్మ ఒకటి వేలాడుతోంది.

పైడిరాజు ఆపమనకముందే దుమ్ములగొండి ఆగింది. తల వంచి దండం పెట్టింది. కనుమ అవతల సంతకి బెల్లం తీసుకెళ్తున్నానని చెప్పింది. తమరిలాంటి వారు కాపలా ఉండబట్టే మాలాంటి చిన్నవాళ్ళం భయం లేకుండా తిరుగుతున్నామంది. బెల్లం వాసన గుప్పున తగిలింది. పొగడ్త కూడా తియ్యగానే ఉంది. పైడిరాజు తల పంకించి, వెళ్ళు అన్నాడు.

మిట్టమధ్యాహ్నానికి ముగ్గురు తల్లులు ఏడుస్తూ అతని దగ్గరికి వచ్చారు. ఒక కుందేలు, ఒక అడవిపంది, ఒక ముంగిస. ముగ్గురి పిల్లలూ పొద్దున ఉసిరిచెట్ల కింద కలిసి ఆడుకుంటున్నారట. కాసేపటికి వెళ్ళి చూస్తే ఒక్కరూ లేరట.

పైడిరాజు ఒక్క క్షణం ఆగలేదు. ముందు ఏటి ఒడ్డుకి పరుగెత్తాడు. ఇసుకలో చిన్న అడుగులు లేవు. తర్వాత గుహలన్నీ వెతికాడు. గబ్బిలాలు తప్ప ఎవరూ లేరు. ఆ పైన ముళ్ళపొదల్లో దూరాడు. ఒళ్ళంతా గీరుకుపోయింది కానీ పిల్లల జాడ దొరకలేదు. పొద్దు పడమటికి వాలసాగింది.

చివరికి కుంటుకుంటూ ఊటగెడ్డ దగ్గరికి వచ్చి కూలబడ్డాడు. గెడ్డ అంటే చిన్న వాగు. బండ్ల వాళ్ళు అక్కడే బండ్లు విప్పి, నీళ్ళు తాగి, కాసేపు నడుం వాలుస్తారు. కుందేలు తల్లి అతని వెనకే వచ్చింది. అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. పైడిరాజు ఆ చూపు తట్టుకోలేక తల దించుకున్నాడు.

అప్పుడు గవరయ్య లేచి నెమ్మదిగా అతని దగ్గరికి వచ్చాడు.

"బాబూ, ఒక మాట చెప్పొచ్చా?" అని అడిగాడు.

పైడిరాజుకి నోటిదాకా పాత మాటే వచ్చింది. చూడటం నా పని అనబోయాడు. కానీ పొద్దున నుంచి తను చూసింది ఏముంది? అడివంతా తిరిగి ఒట్టి చేతులతో కూర్చున్నాడు. ఆ మాట మింగేశాడు.

"చెప్పు గవరయ్యా, వింటాను" అన్నాడు. ఎవరో పిలుస్తుంటే విన్న పేరు అతనికి ఎలాగో గుర్తుంది.

పొద్దున మొదటి మలుపులో ఒక బెల్లం బండి తన పక్కగా వెళ్ళిందని ముసలి ఎద్దు చెప్పాడు. "నేను కూడా బెల్లం లాగినవాడినే బాబూ. బెల్లం బండి మీద ఈగలు ముసురుకుంటాయి, తోలినా పోవు. ఆ బండికి ఈగలన్నీ ముందు కట్టిన దిమ్మ మీదే ఉన్నాయి. వెనక తడికెల మీద ఒక్క ఈగ వాలలేదు."

పైడిరాజు చెవులు నిక్కబొడుచుకున్నాయి.

తట్టల బండి లాగే నూకాలమ్మ అనే గాడిద ముందుకి వచ్చింది. ఆ దుమ్ములగొండి ఈ గెడ్డ దగ్గరే ఆగి నీళ్ళు తాగిందట. తాగాక మూడు ఆకుదొన్నెలు నిండా నింపి, చుట్టూ చూసి, తడికె సందులోంచి లోపలికి పెట్టిందట. "బెల్లానికి నీళ్ళు తగిలితే కరిగిపోతుంది కదా బాబూ. మరి లోపల ఎవరు తాగారా అనుకున్నాను" అంది నూకాలమ్మ. ఆ తల్లుల ఏడుపు వినేదాకా తనకి అర్థం కాలేదని చెప్పింది.

మూడోవాడు దాలయ్య అనే దున్నపోతు. దుంగల బండితో అప్పుడే కొండ దిగి వచ్చాడు. అతను రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఆ వేళ తనే నోరు విప్పాడు.

"ఇరుకు మలుపులో ఎదురైంది. పక్కకి ఆగి దారిచ్చాను. దుమ్ము లేచింది. బండి లోపల ఎవరో తుమ్మారు."

ఒకసారి ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు.

"బెల్లం తుమ్మదు బాబూ."

కుందేలు తల్లి చప్పున ముందుకి వచ్చింది. తన పిల్లకి దుమ్ము పడదని, ఊరికే తుమ్ముతుందని చెప్పింది.

పైడిరాజు మూడు మాటలూ కలిపి చూసుకున్నాడు. ఈగలూ, నీళ్ళూ, తుమ్మూ. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ ఎంత చిన్న సంగతి. మూడూ ఒకచోట చేరేసరికి ముగ్గురు పిల్లలు కళ్ళ ముందు కనిపిస్తున్నారు. ఆ బండి పొద్దున తన ముందే ఆగింది. తన చేత్తోనే పంపేశాడు. ఇప్పుడది కనుమ దగ్గరికి చేరిపోయి ఉంటుంది. దాటిందంటే తను చేయగలిగింది ఏమీ లేదు.

అతను లేచి పరుగందుకోబోతుంటే దాలయ్య ఇంకో సంగతి చెప్పాడు. ఆ తుమ్ము విన్నాక అతనికి మనసు ఊరుకోలేదట. కాస్త కిందికి రాగానే, దుంగల కోసం ఖాళీ బండ్లతో పైకి వెళ్తున్న తన వాళ్ళు ఐదుగురు ఎదురయ్యారట. ఆ బెల్లం బండిని దాటి ముందుకెళ్ళండి, కనుమలో ఆగండి, గస్తీ బాబు వచ్చేదాకా దానికి దారి ఇవ్వకండి అని చెప్పి పంపాడట.

"నువ్వు చెప్తే నేను వింటానని ఏం నమ్మకం?" అని అడిగాడు పైడిరాజు.

"నమ్మకం లేదు" అన్నాడు దాలయ్య. "వినకపోతే తిట్లు పడతాయి. తిట్లకి ఎవరూ చావరు కదా బాబూ."

పైడిరాజు పరుగెత్తాడు. అరిగిన గిట్టల్లోంచి రక్తం కారుతున్నా ఆగలేదు. దాలయ్య తన బండిని అక్కడే వదిలేసి వెనకే బయల్దేరాడు. గవరయ్య, నూకాలమ్మ కూడా సరుకు గెడ్డ ఒడ్డునే వదిలి కదిలారు. కబురు తెలిసి ముగ్గురు తల్లులూ వెంట పరుగెత్తారు.

కనుమలో ఐదు బండ్లు అడ్డదిడ్డంగా నిలబడి ఉన్నాయి. ఒక దున్నపోతు చక్రం ఊడిందంటోంది. ఇంకొకటి కాడి బిగుసుకుందంటోంది. మిగతా మూడూ ఆ రెండింటికీ సాయం చేస్తున్నట్టు అటూ ఇటూ తిరుగుతున్నాయి. దుమ్ములగొండి మొదట బతిమాలింది, తర్వాత కసిరింది, ఇప్పుడు పళ్ళు బయటపెట్టి గుర్రుమంటోంది. దున్నపోతులకి భయం లేకపోలేదు. అయినా ఒక్కటీ జరగలేదు.

పైడిరాజు రొప్పుతూ వచ్చి బండి ముందు నిలబడ్డాడు. తడికె విప్పమన్నాడు.

దుమ్ములగొండి నవ్వింది. "పొద్దున నువ్వేగా వెళ్ళమన్నావు. ఇప్పుడేం కొత్తగా కనిపించింది?" అంది.

ఆ మాట పైడిరాజుకి ముల్లులా గుచ్చుకుంది. "అవును. పొద్దున నాకు కనిపించలేదు. వీళ్ళకి కనిపించింది" అన్నాడు.

దుమ్ములగొండి ఒక్క ఉదుటున అతని గొంతు మీదికి దూకింది. దాలయ్య అప్పుడే అక్కడికి చేరుకున్నాడు. తల వంచి, కొమ్ములతో దాన్ని పక్కకి నెట్టేశాడు. మిగతా ఐదు దున్నపోతులూ చుట్టూ గోడలా నిలబడ్డాయి. కొమ్ములన్నీ ఒకేసారి కిందికి వంగాయి. దుమ్ములగొండి తోక ముడిచి నేలకి అతుక్కుపోయింది.

పైడిరాజు కొమ్ములతో తడికె చీల్చాడు. లోపల ముగ్గురు పిల్లలూ ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. నీళ్ళు పీల్చేంత సందు మాత్రం వదిలి, మూతులకి నార కట్టి ఉంది. సంతలో రంగులరాట్నం ఎక్కిస్తానని పిలిచిందట ఆ దుమ్ములగొండి. కట్లు విప్పగానే కుందేలు పిల్ల మొదట తుమ్మింది, తర్వాత ఏడ్చింది.

తల్లులు పరుగున వచ్చి పిల్లల్ని ఒళ్ళో దాచుకున్నారు. కుందేలు తల్లి పైడిరాజు కాళ్ళ మీద పడింది. అతను ఆమెని లేవదీసి, "నాకు కాదమ్మా, వాళ్ళకి చెప్పు" అని బండ్ల వైపు తిప్పాడు.

చూస్తే అక్కడ బండ్లు లేవు. పొద్దుగూకేలోపు దుంగలు ఎక్కించుకోవాలి కదా. ఊడిందన్న చక్రం బాగయిపోయింది, బిగిసిందన్న కాడి వదులైంది. రెండు దున్నపోతులు దుమ్ములగొండిని సింహం దగ్గరికి తోలుకుపోతున్నాయి. మిగతావి తమ దారిన తాము వెళ్ళిపోయాయి. కృతజ్ఞతలు చెప్తారని ఎవరూ ఎదురుచూడలేదు.

పైడిరాజు ఆ తల్లుల్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని ఒక్కో బండి వెనకా వెళ్ళాడు. ప్రతి బండి దగ్గరా ఆగి, "మీ పేరు చెప్పండి" అని అడిగాడు. మీరు అన్నాడు చూశారా. ఆ బాట మీద వాళ్ళని మీరు అన్నవాళ్ళు అంతకుముందు లేరు. ఒక దున్నపోతు తననే అడుగుతున్నాడని నమ్మలేక వెనక్కి తిరిగి చూసింది. పేరు చెప్పాక పైడిరాజు తల వంచి, "మీ వల్ల ఈ పిల్లలు ఇంటికి వెళ్తున్నారు" అన్నాడు. అలా ఐదుగురికీ చెప్పాడు. గెడ్డ దగ్గరికి దిగి గవరయ్యకీ నూకాలమ్మకీ చెప్పాడు.

దాలయ్య దగ్గరికి వచ్చేసరికి అతను తల ఇంకా కిందికి వంచాడు. ఇన్నాళ్ళూ మిమ్మల్ని కసిరాను, మీరు నా ప్రాణం కూడా కాపాడారు, ఎలా చెప్పాలో తెలియడం లేదు అన్నాడు.

దాలయ్య కాసేపు నెమరు వేశాడు.

"మాకూ పిల్లలున్నారు బాబూ" అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత సింహం కొలువు తీరింది. పిల్లల్ని కాపాడినందుకు పైడిరాజు మెడలో అడవిమొల్లల దండ వెయ్యబోయింది. పైడిరాజు దండ వేయించుకోలేదు. బండిని వదిలేసింది తనేనని, పట్టుకున్నది బండ్ల వాళ్ళని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఈగల సంగతీ, నీళ్ళ సంగతీ, తుమ్ము సంగతీ పూసగుచ్చినట్టు వివరించాడు. ఎనిమిది పేర్లూ ఒక్కటి మరవకుండా చెప్పాడు.

సింహం ఆ దండ కిందికి దించింది. ఆ తర్వాత, ఇంత పొడవు బాటని ఒక్క జత కళ్ళతో కాయమనడం నాదే తప్పు అంది.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం పైడిరాజు ఊటగెడ్డ దగ్గర బండ్ల వాళ్ళ మధ్యలో కూర్చునేవాడు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించి, ఈ రోజు దారిలో ఏం చూశారని అడిగేవాడు. ఎక్కువ రోజులు ఏమీ ఉండేది కాదు. ఒక కొమ్మ విరిగిందనో, ఒక పక్షి గూడు మార్చిందనో చెప్పేవారు. అదీ శ్రద్ధగా వినేవాడు. లేచి వెళ్ళేటప్పుడు మాత్రం మీ మేలు మరవనని చెప్పి మరీ వెళ్ళేవాడు.

ఆ బాట మీద మళ్ళీ పిల్లలు తప్పిపోలేదా అంటే, తప్పిపోయారు. పిల్లలన్నాక దారి తప్పుతూనే ఉంటారు. కానీ ఏ తల్లీ పొద్దు వాలేదాకా ఏడవాల్సిన అవసరం రాలేదు. గెడ్డ దగ్గరికి కబురు అందిన మరుక్షణం, ఏటి ఒడ్డు నుంచి కనుమ దాకా ప్రతి బండీ నెమ్మదించేది, లాగేవాళ్ళందరూ తలెత్తి వెతకడం మొదలుపెట్టేవారు.

నీతి: మన దారిని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళ మాట వినాలి, వాళ్ళ పేరు తెలుసుకోవాలి, చేసిన మేలు నోరారా చెప్పాలి.