వాడ అడిగి తల కొలిచిన పండితుడు

ఏరుగొండ రాజ్యాన్ని ప్రతాపధవళుడు ఏలుతున్న రోజులవి. రాజు చెడ్డవాడు కాడు. కాకపోతే పొగడ్త వినబడితే చాలు, మిగతావన్నీ మరిచిపోయేవాడు.

ఆయన కొలువుకు దూరదేశం నుంచి మార్తాండుడనే పండితుడు వచ్చాడు. చేతిలో పట్టుకారులాంటి వెండి సాధనం. దానితో తల వెడల్పు కొలిచి మనిషి తెలివి ఎంతో, ఏ పనికి పుట్టాడో చెబుతానన్నాడు. మొదట రాజు తలే కొలిచాడు.

"పన్నెండు వేళ్ళు! ఇలాంటి తల ఏలడానికే పుడుతుంది ప్రభూ!"

రాజు పొంగిపోయి, కొలువులో అందరి తలలూ కొలవమన్నాడు. మూడో రోజు ఓబులమ్మ వంతు వచ్చింది. అడుగున చిల్లున్న రాగి గిన్నెను నీటిమీద ఉంచి, అది మునిగినప్పుడల్లా గడియ గంట కొట్టడం ఆమె పని. పదేళ్ళలో ఒక్క గడియ తప్పలేదు.

"ఏ వాడమ్మా నీది?" అన్నాడు పండితుడు.

"మట్టివాడండి. ఈ కోట గోడ పెట్టింది మావాళ్ళే."

పండితుడు కొలిచాడు. "తొమ్మిది వేళ్ళు. మట్టి తొక్కే జాతి ప్రభూ. ఈ తలలో లెక్క నిలవదు."

"అయితే రేపటి సభతో ఈమె కొలువు సరి. మట్టివాడవాళ్ళెవరూ ఇక కోటలో పనికి రారాదు" అన్నాడు రాజు.

ఓబులమ్మ తల దించలేదు. "నా తల కొలిచారు. నా గంట ఎందుకు కొలవలేదండీ?" అంది.

రాజుకు తలపాగా చుట్టే గంగులు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. వాడ పేరు అడగకుండా పండితుడు ఒక్క తలా కొలవలేదు. పెద్ద వీధి పేరు చెబితే సాధనం జుట్టు మీదుగా వదులుగా ఆనేది. చిన్న వాడ అంటే కణతలు నొక్కుకుపోయేవి.

మర్నాడు పాగా చుడుతూ గంగులు రాజు చెవిలో అన్నాడు: "ప్రభూ, తల ఒక్కటే కనబడేలా ఒక్క గడియ తెర వెనక కూర్చుంటే వినోదం చూపిస్తాను." రాజు సరదాపడి సరేనన్నాడు.

సభలో తెర కట్టారు. తెరకు ఒక కంత. అందులోంచి కనబడేది సన్నటి గుడ్డ చుట్టిన తల మాత్రమే. రాజుగారు అంతఃపురంలో ఉన్నారని, కంతలో కనబడే తలలు కొలవమని పండితుడికి చెప్పారు.

మొదటి తల వచ్చింది.

"ఏ వాడ?"

"మట్టివాడ" అన్నాడు గంగులు.

పండితుడు నొక్కి కొలిచాడు. "తొమ్మిది వేళ్ళకు ఇంకా తక్కువే! వీడికి గొర్రెలు అప్పజెప్పినా సాయంత్రానికి సగం తప్పిపోతాయి."

రెండో తల.

"రాజవీధి అండి" అన్నాడు గంగులే.

"ఆహా! పన్నెండు వేళ్ళు దాటింది! ఈ తల కిరీటానికే పుట్టింది!"

గంగులు తెర లాగాడు. మొదటి పీట మీద రాజు, మొహం కందగడ్డలా చేసుకుని. రెండో పీట మీద ఓబులమ్మ, పక్కనే నీళ్ళమీద ఆమె గిన్నె.

"గంగులూ, ఏమిటీ పరిహాసం?" గర్జించాడు రాజు.

"ముప్పై ఏళ్ళుగా ఈ తలకు పాగా చుడుతున్నాను ప్రభూ. గుడ్డ ఒక్క మూర తగ్గలేదు. మూడు రోజుల్లో మూడు వేళ్ళు ఎలా తగ్గింది? తగ్గింది తల కాదు, నేను చెప్పిన వాడ. ఈ శాస్త్రం నిజమైతే తమరు సింహాసనం దిగి ఓబులమ్మను కూర్చోబెట్టాలి. అబద్ధమైతే ఓబులమ్మ గంట దగ్గరే ఉండాలి. ఏది సులువో ఏలినవారే సెలవియ్యాలి."

రాజు పండితుణ్ణి చూశాడు, సింహాసనాన్ని చూశాడు. ఒక్కసారిగా పకపకా నవ్వాడు.

"దిగడం నా వల్ల కాదులే గంగులూ!" మెడలోని ముత్యాలహారం తీసి అతని చేతిలో పెట్టాడు. మట్టివాడ కొలువులు ఎప్పటిలాగే సాగాలన్నాడు. "పండితులవారు ఇక గుమ్మడికాయలు కొలుచుకోవచ్చు. అవి ఏ వాడవో చెప్పవు. ఓబులమ్మా, నిన్న నేను..."

"ఒక్క క్షణం ప్రభూ, గిన్నె మునుగుతోంది."

ఆమె లేచి గంట కొట్టింది. ఆ మోత ఆగేదాకా రాజు నోరెత్తలేదు.