మోగని కాయలు

ఎర్రగుట్ట కింద వేరుశనగ చేలు ఉన్నంత మేరా పందికొక్కు కాటమ్మను ఎరగని పుట్ట లేదు, పొద లేదు. ఆమె మట్టిలో పంజా వేసి గింజలు దాచే పాతర తవ్వడం మొదలుపెడితే, గుట్ట బెదిరిపోయి కాస్త పక్కకు జరిగేది. నమ్మకం లేనివాళ్లు వెళ్లి చూసుకోవచ్చు, గుట్ట ఇప్పటికీ వంకరగానే ఉంది. ఆమె పాతరలో తాతమ్మ కాలం నాటి జొన్నలు కూడా నిన్న నూర్చినట్టే ఉండేవి. ఒకసారి పొరపాటున ఓ పురుగు అందులో చిక్కుకుని, ఊపిరాడక, ఇటువైపు ఎవరూ రావద్దని తన వంశం మొత్తానికీ కబురు పెట్టి మరీ ప్రాణం విడిచింది.

అంతటి కాటమ్మ ఆ మధ్యాహ్నం పని మానేసి నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా ఉడుత సుంకులు నిలబడి ఉంది.

"మళ్లీ చెప్పు. మాట ఎవరికిచ్చావు?"

"నక్క చెన్నప్ప మామకు, అత్తా. నా కాయల కుప్ప తీసుకుని, సంచిలో పోసి, గాలి మొత్తం లాగేసి కట్టేస్తాడట. తన బొరియలో చల్లగా దాచిపెట్టి వానలు పోయాక ఇస్తాడట."

"వానలు పోయాకా? మరి వానల్లో నీ పిల్లలు ఏం తింటారే, గాలా?"

సుంకులు తోక ముఖానికి అడ్డం పెట్టుకుంది. "పోయినేడు దాచినవన్నీ బూజు పట్టిపోయాయి కదత్తా. ముసురులో పిల్లలు బెరడు గీక్కుని తిన్నారు. ఈసారన్నా నిలవ ఉంటాయేమో అన్న ఆశతో ఒప్పుకున్నాను. అదీ బసప్ప తాత ముందు."

బసప్ప ముసలి ఎద్దు. ఆయన నెమరు వేస్తూ తల ఊపాడంటే ఇక ఆ మాట బండ మీద చెక్కినట్టే. దాన్ని దాటిన జంతువు ఆ చుట్టుపక్కల మళ్లీ తలెత్తుకు తిరగలేదు.

చెన్నప్ప సంగతి కూడా తక్కువదేం కాదు. పట్నంలో ఓ మిఠాయి దుకాణం వెనక నక్కి, సంచుల్లోంచి గాలి పీల్చే యంత్రం పనిచేయడం చూసొచ్చాడు. వస్తూ వస్తూ చెత్తకుప్పలో పారేసిన ప్లాస్టిక్ సంచులు నోట కరుచుకొచ్చాడు. వాటి మూతిలో తన మూతి పెట్టి ఒక్క పీల్పు పీల్చాడంటే సంచి ముడుచుకుపోయి లోపలి గింజకు చర్మంలా అంటుకునేది. చుట్టుపక్కల పొదల ఆకులు కూడా కాసేపు అటువైపే వంగేవి. ఆ తర్వాత కలబంద నారతో ముడి వేసి, పైన తుమ్మబంక పూసేవాడు. పని గట్టిదే. చేసేవాడి బుద్ధే గట్టిది కాదు.

కాటమ్మ లేచి, సుంకులు కుప్ప దగ్గరికి వెళ్లి ఒక కాయ చెవి దగ్గర ఆడించింది. గలగలమంది. వొలిచి గింజ కొరికింది. కటుక్కున విరిగింది.

"ఎండబెట్టడం మాత్రం ఈసారి బాగా నేర్చావు," అంది. "ఇలాంటి సరుకు ఆ నక్క నోట్లో పడితే నేను బతికుండి ఎందుకు? లే. గట్టు మీద కంప తగలబెట్టిన బూడిద ఉంది, పట్టుకురా. వేపాకు కూడా."

"బూడిదా? కాయలు పాడైనట్టు కనిపిస్తాయత్తా."

"కనిపించనీ. పురుగుకూ నచ్చదు, నక్కకూ నచ్చదు."

సుంకులు బూడిద కలుపుతుంటే కాటమ్మ చేలోకి దిగింది. రైతులు మొక్కలు పీక్కుపోయారు గానీ, తెగిపోయిన కాయలు మట్టిలోనే మిగిలాయి. ముందురోజు పడ్డ జల్లుకు అవి నీళ్లు తాగి బలిసి ఉన్నాయి. కాటమ్మ చేనును ఆ చివర నుంచి ఈ చివరకు తిరగేసింది. మర్నాడు రైతు వచ్చి, తనకు తెలియకుండా తన చేను దున్నిపెట్టిన మహానుభావుడెవరా అని గట్టున నిలబడి దండం పెట్టుకున్నాడు. పొద్దు వాలేసరికి బండ మీద ఇంకో కుప్ప లేచింది. వంక నీళ్లలో కడిగిన కాయలు నిగనిగలాడుతూ, చేతికి బరువుగా, చూస్తేనే నోరూరేలా ఉన్నాయి.

చెన్నప్ప చెప్పిన వేళకే వచ్చాడు. వెనకే బసప్ప నెమరు వేసుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"ఏం వదినా, నువ్వూ నా పద్ధతిలోకి వచ్చేశావా?" అన్నాడు నక్క. "మట్టి పిసికే రోజులు పోయాయి. ఇప్పుడంతా ఊపిరి లెక్క."

"నీ ఊపిరి ముందు నేనెంత మరిదీ," అంది కాటమ్మ. "అయితే చిన్న ముచ్చట. సుంకులు నీకో కుప్ప ఇస్తానంది. ఇదిగో, నాది కూడా కలిపి రెండున్నాయి. నీకు నచ్చింది నీ సంచుల్లోకి, మిగిలింది నా పాతరలోకి. వానలు పోయాక రెండూ విప్పుదాం. ఎవరి పద్ధతి గొప్పదో తాత చెబుతాడు. ఎంచుకోవడం మాత్రం ముందు నువ్వే."

"మళ్లీ మార్చుకోకూడదు," అన్నాడు బసప్ప.

"నేను మాట మార్చడం ఎప్పుడైనా చూశావా తాతా?"

"నువ్వు మాట మీద నిలబడటమే ఎప్పుడూ చూడలేదు. అందుకే ముందే చెప్పాను."

చెన్నప్ప సర్దుకుని కుప్పల చుట్టూ తిరిగాడు. తిరిగి తిరిగి, బూడిద కుప్ప మీదే చెయ్యి వేశాడు. కాటమ్మ గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే కాళ్ల కింద మట్టి రాలింది. పక్కన సుంకులు కళ్లు మూసేసుకుంది. ఒక గూటినిండా పిల్లల తిండి ఆ చేతి కింద ఉంది.

నక్క ఒక కాయ తీసి ఆడించాడు. గలగలమంది.

"అదేమిటి, మోగుతోంది?"

"మోగుతుంది మరి," అంది కాటమ్మ.

"లోపల గింజ నిండుగా ఉంటే కదలడానికి చోటెక్కడిది? ఇది చచ్చు కాయ. బూడిద పూసి కప్పిపెట్టావన్నమాట." ఆ కాయను విసిరేసి, కడిగిన కుప్పలోంచి ఒకటి తీసి ఆడించాడు. చప్పుడు లేదు. అతని మీసాలు విచ్చుకున్నాయి. "ఇదీ కాయంటే. నోరు మెదపకుండా కూర్చుంది. గింజ అంచుల దాకా ఉందన్నమాట. నన్ను మోసం చేద్దామనుకున్నావా వదినా? చెన్నప్ప చెవి పట్నం తిరిగొచ్చిన చెవి."

"అయ్యో, అవి నావి మరిదీ. రోజంతా నడుం విరగ్గొట్టుకున్నాను."

"ఎంచుకోమన్నావా లేదా?"

"ఎంచుకోమంది," అన్నాడు బసప్ప. తల ఊపాడు. అయిపోయింది.

నక్క అక్కడే సంచులు నింపి, పీల్చి, ముడి వేసి, బంక పూసి మోసుకుపోయాడు. అతను మలుపు తిరిగాక గానీ కాటమ్మ ఊపిరి వదల్లేదు. ఆ ఊపిరికి ఎదురుగా ఉన్న జిల్లేడు మొక్క ఒరిగిపోయింది.

ఆ వెంటనే అత్తా కోడలూ పనిలో పడ్డారు. పాతర గోడలకు గడ్డి పరిచారు, కాయలు పోశారు, మధ్యమధ్య వేపాకు వేశారు. చివరికి ఎర్రమట్టీ పేడా కలిపి మూతి మెత్తారు. చీమ కాలు పెట్టే సందు కూడా వదల్లేదు.

"తింటూ తింటూ ఎలా అత్తా? మాటిమాటికీ మూత తీస్తే గాలి పోదా?"

"పిచ్చిదానా, అందుకే కదా పక్కన చిన్న పాతర వేరే తవ్వింది. రోజు తిండి అందులోంచి. ఇది దాని తర్వాత."

ముసురు పట్టింది. ఆ ఏడు వాన ఎంత వానంటే, కప్పలే విసుగుపుట్టి అరవడం మానేశాయి. చెన్నప్ప మొదట్లో వంకలో పాకే ఎండ్రకాయలు పట్టి తిని దర్జాగా గడిపాడు. కాయల సంచులను పరుపులా పరుచుకుని వాటి మీదే పడుకున్నాడు. పిల్లలకు ఇవ్వాల్సిన కాయలన్న సంగతి ఆ పరుపు మీద ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

కొన్నాళ్లకు పరుపు కాస్త ఎత్తయినట్టు అనిపించింది.

"సంపద పెరుగుతోంది," అనుకుని అటు తిరిగి పడుకున్నాడు.

ఇంకొన్నాళ్లకు అతని వీపు బొరియ కప్పుకు తగిలింది. లేచి చూస్తే ఒక్కో సంచీ ఉబ్బి గుమ్మడికాయంత అయింది. ఆరని కాయలు లోపల పులిసి పొంగుతున్నాయని అతనికేం తెలుసు?

"గాలి నేను లాగాను కదా. మళ్లీ ఎవడు ఊదాడు?"

అడిగితే చెప్పేవాళ్లెవరు? తిందామని ఒక సంచి దగ్గరకు లాక్కోబోతే మిగిలినవన్నీ దొర్లి ద్వారానికి అడ్డం పడ్డాయి. బయటికి వెళ్లే దారి లేదు. లోపల జరగడానికి చోటు లేదు. దిక్కుతోచక దగ్గరున్న సంచిని పళ్లతో కొరికాడు.

ఆ చప్పుడుకు బసప్ప పిడుగు పడిందనుకుని అడుగు వెనక్కి వేశాడు. ఆయన అడుగు వెనక్కి వేయడం ఎవరూ చూడనిది. ఒక సంచి పేలిన ఊపుకు పక్కది, దాని ఊపుకు ఇంకోటి. బొరియ మూతిలోంచి నక్క, నల్లబడ్డ కాయలు, పుల్లటి చెమ్మ అన్నీ కలిసి ఎగిరొచ్చి వంకలో పడ్డాయి. ఆ వాసనకు ఊరు దాటి వెళ్తున్న కొంగలు దారి మార్చుకున్నాయి.

సాయంత్రం వాన కాస్త తెరిపిచ్చింది. నక్క సంచులు ముందే విడిపోయాయి, చిన్న పాతరా ఖాళీ అయింది కనుక కాటమ్మా సుంకులూ పెద్ద పాతర మూతి పగలగొట్టి కాయలు తీస్తున్నారు. పిల్లలు ఒక్కో కాయ చెవి దగ్గర ఆడించుకుని, మోగినప్పుడల్లా నవ్వుతున్నారు. వొలవడం, కటుక్కుమనిపించడం, మళ్లీ ఇంకోటి. ఆ పొడి చప్పుడు వింటుంటే కాటమ్మకు ఒళ్లంతా వెచ్చగా ఉంది. బసప్ప ఒక గింజ నమిలి, ఇంకోటి అడిగాడు. తీర్పు అదే.

చెన్నప్ప తడిసి ముద్దయి, తన కంపు అటు పోకుండా గాలి వాలు చూసుకుని దూరంగా నిలబడ్డాడు.

"వదినా."

"అక్కడినుంచే మాట్లాడు మరిదీ. పిల్లలు తింటున్నారు."

"నువ్వు నా సంచుల్లోకి ఎప్పుడు వచ్చి ఊదావో అది ఒక్కటి చెప్పు, పోతాను."

"నేనెందుకు ఊదుతాను? ఆరని కాయ తనే ఊదుకుంటుంది. నీకు ఇష్టమైనవే కదా ఎంచుకున్నావు."

నక్క కడుపు ఆకలికి గుర్రుమంది. కాటమ్మ గుప్పెడు కాయలు తీసి, బూడిద కూడా దులపకుండా అతని ముందుకు దొర్లించింది. అతను ఒకటి తీసుకుని, అలవాటుకొద్దీ చెవి దగ్గర ఆడించాడు.

"మోగుతోంది," అన్నాడు నెమ్మదిగా.

"అందుకే తినమంటున్నాను," అంది కాటమ్మ.

నీతి: గాలి లాగడం గొప్ప కాదు, ముందు తడి పోగొట్టాలి.