చెయ్యి పెట్టిన చోటు

ఈశ్వరి దగ్గర పదమూడు మంది ఆడపిల్లలు జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటున్నారు. అందరిలోకీ గట్టిది తనూజ. పదకొండేళ్ళ పిల్ల. పరుగెత్తుకొచ్చి, స్ప్రింగు పలక మీద కాళ్ళేసి, వాల్ట్ బల్ల మీదుగా గాల్లో తిరిగి నేల మీద నిలబడితే చూసేవాళ్ళకి ఊపిరాడేది కాదు. అలాంటి పిల్ల వారం రోజులుగా పరుగెత్తుకొచ్చి పలక ముందు ఆగిపోతోంది. రాష్ట్ర పోటీలు ఇంక పది రోజులే ఉన్నాయి.

పిల్లకి భయం పట్టుకుందనుకుంది ఈశ్వరి. కోప్పడింది. బతిమాలింది. తల్లిని పిలిపించి చెప్పించింది. ఏదీ పనిచెయ్యలేదు. ఆఖరికి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి చోడవరం వెళ్ళింది, చిన్నప్పుడు తనకి నేర్పిన సన్యాసినాయుడు మాస్టారి దగ్గరికి.

మాస్టారికి డెబ్బై దాటాయి. డ్రిల్లు మాస్టారుగా రిటైరై చాలా కాలమైంది. వసారాలో పీట వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. ఈశ్వరి ఎదురుగా కూర్చుని, తనూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకుని, సంగతంతా చెప్పింది. అనకాపల్లిలో పాత బెల్లం గోదామొకటి దొరికితే దాన్నే హాలు చేసుకున్న సంగతీ, మూడేళ్ళలో జిల్లాలో తన పిల్లలకి ఎదురు లేకుండా పోయిన సంగతీ చెప్పింది. మాస్టారు ఒక్కసారి వచ్చి తనూజకి ధైర్యం చెప్పాలని అడిగింది.

"భయమంటే ఏమిటో తెలీని పిల్లలు మాస్టారూ వాళ్ళు," అంది. "దాదాపు మూడేళ్ళుగా మా హాల్లో ఏ పిల్లా నొప్పి అనలేదు."

ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో గర్వం దాగలేదు. అదెలా సాధ్యమైందో కూడా తనే చెప్పింది. నొప్పి అన్న పిల్ల ఆ రోజుకి బెంచీ మీద కూర్చోవాలి. మిగతావాళ్ళు ఆడుతుంటే చూడాలి. మొదటి నెలలో ఇద్దరు కూర్చున్నారు. ఆ తర్వాత ఎవరూ కూర్చోలేదు.

మాస్టారు చేతిలో కాయని పక్కన పెట్టారు.

"ఒక్కరూ అనలేదా?"

"ఒక్కరూ అనలేదు."

 రేపు సాయంత్రం వస్తానన్నారు మాస్టారు.

సోమవారం బడి వదిలే వేళకి మాస్టారు గోదాం దగ్గర బస్సు దిగారు. పిల్లలు అప్పటికే చాపలు పరిచి, అరచేతులకి తెల్లపొడి రాసుకుని సిద్ధంగా ఉన్నారు. పెద్దాయన ఎదుట బాగా చెయ్యాలని ఈశ్వరి ముందే చెప్పి ఉంచింది. వాళ్ళూ బాగానే చేశారు. సన్నటి దూలం మీద పల్టీలు కొట్టారు. కడ్డీ పట్టుకుని ఊగారు. తనూజ మాత్రం రెండుసార్లు పరుగెత్తింది, రెండుసార్లూ పలక ముందు ఆగింది.

మాస్టారు అదేమంత పట్టించుకున్నట్టు లేదు. పిల్లలు మంచినీళ్ళకి ఆగినప్పుడు మాత్రం కుర్చీలోంచి ముందుకి వంగి చూశారు. ఒక పిల్ల గోడ పట్టుకుని మెల్లగా కిందకి జారి కూర్చుంది. ఇంకో పిల్ల సీసా మూత పళ్ళతో తీసింది. ఆటని వదిలేసి ఈయన నీళ్ళు తాగడం చూస్తారేమిటని ఈశ్వరి లోలోపల విసుక్కుంది.

మాస్టారు లేచి చెప్పులు విప్పి చాప మీదకి వచ్చారు. పిల్లలందరినీ గోడ వైపు తిరిగి, ఒకరికొకరు కనపడకుండా ఎడంగా కూర్చోమన్నారు. కళ్ళు మూసుకోమన్నారు.

"ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు," అన్నారు. "ఎక్కడ నొప్పిగా ఉందో అక్కడ చెయ్యి పెట్టండి. చాలు."

ఒక్క చెయ్యీ కదల్లేదు.

ఈశ్వరికి నవ్వొచ్చింది. చెప్పాను కదా అన్నట్టు మాస్టారి వైపు చూసింది. ఆయన ఆమెని చూడలేదు. పిల్లల పక్కనే తనూ కింద కూర్చున్నారు.

"మీ మేడమ్ ఇక్కడే ఉన్నారు. ఇవాళ ఎవరినీ బెంచీ మీద కూర్చోబెట్టరు. అవునా ఈశ్వరీ?"

"అవును మాస్టారూ."

"నాకు ఈ భుజం నొప్పి. వాన పడితే నిద్ర పట్టనివ్వదు," అని ఆయన కళ్ళు మూసుకుని తన కుడి భుజం మీద చెయ్యి వేసుకున్నారు.

చివర్న కూర్చున్న చిన్న పిల్ల, ఎనిమిదేళ్ళది, ఒక కన్ను తెరిచి ఆయన్ని చూసింది. మళ్ళీ మూసుకుంది. కుడి చేత్తో ఎడమ మణికట్టు పట్టుకుంది.

తర్వాత ఇంకో చెయ్యి కదిలి మడమ మీదకి వెళ్ళింది. ఇంకొకటి మోకాలి మీదకి. ఇంకొకటి మోచేతి మీదకి. ఒక పిల్ల చీలమండ మీద ఒక చెయ్యి పెట్టి, కాసేపాగి, రెండో చెయ్యి తొడ మీద పెట్టింది. పళ్ళతో మూత తీసిన పిల్ల రెండు మణికట్లనీ ఒకేసారి పట్టుకోవాలని చూసి, ఎలాగో తెలియక, రెండు చేతుల్నీ ఒళ్ళో పెట్టుకుంది.

ఈశ్వరి లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది.

జోషిత అనే పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. ఈశ్వరి దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కడుపులో నొప్పా అని మెల్లగా అడిగింది.

"కాదు మేడమ్," అంది ఆ పిల్ల కళ్ళు తెరవకుండా. "ఆకలి."

ఒళ్ళు తేలిగ్గా ఉండాలి, పోటీల దాకా రాత్రిపూట పిల్లలకి అన్నం పెట్టొద్దని తల్లులందరికీ చెప్పింది ఈశ్వరే. చెప్పి నెల దాటింది. ఆ తర్వాత ఆ సంగతి ఆమెకి మళ్ళీ గుర్తే రాలేదు.

అందరికంటే ఆఖర్న తనూజ చెయ్యి కదిలింది. వెనక్కి వెళ్ళి నడుము మధ్యలో ఆగింది. అక్కడే ఉండిపోయింది. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి గానీ పిల్ల నోట్లోంచి చప్పుడు రాలేదు. ఏడుపు వినపడకుండా ఏడవడం ఆ పిల్లకి బాగా అలవాటైనట్టుంది.

ఈశ్వరి చెయ్యి చాపి ఆ చోట వేలితో ముట్టుకుంది. తనూజ ఉలిక్కిపడి ముందుకి వంగిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"దసరా సెలవుల నుంచి మేడమ్."

అప్పటికి నాలుగు నెలలు. ఈశ్వరి చాప మీద చతికిలబడింది. ప్రతి పిల్ల ఎంత ఎత్తు ఎగురుతుందో, ఎంత బరువుందో, ఏ పల్టీలో కాలు ఎంత వంగుతుందో ఆమెని నిద్రలో అడిగినా చెప్పగలదు. పదమూడు మందీ గోడ వైపు తిరిగి, ఒంటి మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంటే, వాళ్ళెవరో తనకి తెలియని పిల్లల్లా ఉన్నారు.

మర్నాడు విశాఖపట్నంలో ఎముకల డాక్టరు స్కాన్ తీయించాడు. నడుం పూసలో సన్నటి చీలిక ఉంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే దూకించి ఉంటే పూస పక్కకి జారేదనీ, అప్పుడు తన చేతుల్లో కూడా ఏమీ ఉండేది కాదనీ చెప్పాడు. మూడు నెలలు నడుముకి బెల్టు వెయ్యాలి. పరుగులు, గెంతులు పూర్తిగా ఆపాలి. చిన్న వయసు కాబట్టి అతుక్కుంటుందన్నాడు. తనూజ తల్లి రెండు చేతులూ జోడించి డాక్టరుకి దణ్ణం పెట్టింది. ఈశ్వరి ముఖం ఆమె చూడలేదు.

ఈశ్వరి వరండాలోకి వచ్చి పోటీల వాళ్ళకి ఫోన్ చేసింది. తన పిల్లలెవరూ రావడం లేదని చెప్పింది. అవతలివాళ్ళు ఏదో అడుగుతుండగానే పెట్టేసింది. తర్వాత తల్లులకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఈ రాత్రి నుంచి పిల్లలకి కడుపునిండా అన్నం పెట్టమంది. 

వాళ్ళతో పాటే ఆస్పత్రికి వచ్చిన మాస్టారు వరండా బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"ఒక్క మాట చెప్పి ఉంటే ఆపేసేదాన్ని కదా మాస్టారూ," అంది. "నేనేమన్నా రాక్షసినా? నాలుగు నెలలు ఆ పిల్ల నాకెందుకు చెప్పలేదు?"

 ఎదురుగా నర్సు ఒకామె చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళ్ళేదాకా మాస్టారు ఆగారు.

"నీ మోకాలు ఎప్పుడు పోయింది?" అన్నారు.

ఆ సంగతి ఇద్దరికీ తెలిసిందే. పదిహేడేళ్ళప్పుడు హైదరాబాదులో, జాతీయ జట్టు ఎంపిక రోజున, నేల మీద దిగేటప్పుడు ఈశ్వరి మోకాలు మడత పడిపోయింది. మళ్ళీ ఆమె ఎప్పుడూ ఆడలేదు. ఆ రోజు ఆమెని రెండు చేతుల మీద ఎత్తుకుని బయటికి తెచ్చింది మాస్టారే. ఆడపిల్ల ఆట అలా ఒక్క క్షణంలో పోయిందని ఇన్నేళ్ళూ ఎవరడిగినా ఆయన బాధగా చెబుతూ వచ్చారు.

ఈశ్వరి తన మోకాలి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఆ రోజు కాదు మాస్టారూ. మూడు వారాల ముందే పోయింది. ఇంట్లో అమ్మకి కూడా చెప్పకుండా గుడ్డ బిగించి కట్టుకుని వచ్చేదాన్ని."

మాస్టారి ముఖంలో రంగు మారింది. ఆయన ఇలాంటిదేదో అనుమానించే అడిగి ఉండవచ్చు. కానీ చెవులతో విన్నాక తట్టుకోలేకపోయారు. పన్నెండేళ్ళుగా ఆయన మోసిన జ్ఞాపకం వేరు.  

"ఆ మూడు వారాలూ రోజూ నా ఎదురుగానే దూకావు," అన్నారు. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలేదు మాస్టారూ."

ఆమె ఆ మాట ఏ నిష్ఠూరమూ లేకుండా, ఉన్నదున్నట్టు చెప్పింది. చెప్పాక ఆమె పెదవులు అలాగే తెరుచుకుని ఉండిపోయాయి.

మాస్టారు తల దించుకున్నారు.

ఈశ్వరి లేచింది. తనూజని పడుకోబెట్టిన గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, మంచం పక్కన ఉన్న స్టూలు దగ్గరికి లాక్కుని, పిల్ల ముఖానికి ఎదురుగా కూర్చుంది.