పసుపు మొహం చూసి మోసపోయిన గవరమ్మ

ఒకప్పుడు, మాఘ శుద్ధ దశమి శుక్రవారం, పొద్దు బారెడెక్కిన వేళ, అచ్చియమ్మ అనే ఆరేళ్ళ పిల్ల ముక్కు గుమ్మంలోకి ఒక పేరంటాలు వచ్చి నిలబడింది. అప్పటికి లోకంలో పూల పుప్పొడికి తుమ్మిన మనిషి లేడు.

ప్రతి ఒంట్లోనూ ఒక కాపలామనిషి ఉంటుంది కదా! అచ్చియమ్మ ఒంట్లో ఆవిడ పేరు గవరమ్మ. చేతిలో ఎప్పుడూ రోకలి. రోగమొస్తే దంచి తరిమేది. మామిడి పూత పుప్పొడి పిల్లలొస్తే మాత్రం లేచి ఎదురెళ్ళేది. ఒళ్ళంతా పసుపుతో వచ్చేవాళ్ళాయె! పసుపు మొహంతో వచ్చిన ఆడకూతుర్ని గడపలో ఆపవచ్చునా?

"ఏం వదినా, పేరంటాలిని ఇలాగే నిలబెడతావా?" అంది వచ్చినావిడ.

"అయ్యో, ఎంత మాట! రామ్మా!" అంటూ గవరమ్మ పక్కకి తప్పుకుంది.

లోపలికెళ్ళి ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది. గవరమ్మకి గుండె ఆగినంత పనయింది. పసుపు కింద ఉన్నది జ్వరమారి!

తొమ్మిది రోజులు పిల్ల ఒళ్ళు పెనంలా కాలింది. గవరమ్మ నిద్రాహారాలు మాని దంచింది. పదోనాటికి జ్వరమారి పారిపోయింది, పిల్ల దక్కింది. గవరమ్మకి మాత్రం ఆ అదురు తగ్గలేదు.

"నా నోటితో నేనే రమ్మన్నానే తల్లీ!" అని లెంపలేసుకుంది. "ఇక పసుపన్నది గడప దాటితే ఒట్టు!"

మోసగత్తె మొహం గుర్తుపెట్టుకోవలసింది పోయి, పిచ్చితల్లి, రంగు గుర్తుపెట్టుకుంది.

మళ్ళీ మాఘం వచ్చింది. పుప్పొడి పిల్లలు కిలకిలా నవ్వుతూ వచ్చారు.

"అత్తా, మేమొచ్చాం!"

గవరమ్మ రోకలెత్తింది.

"అత్తా! మేమే! ఏం చేశాం?"

ధనామని దెబ్బ! పుప్పొడి తేలిక, ఎగిరి తప్పుకుంది. రోకలి ముక్కు గోడకి తగిలి గోడ వాచింది. రెండో దెబ్బకి కళ్ళలో నీళ్ళు కట్ట తెంచుకున్నాయి. మూడో దెబ్బకి గొంతుదారి ఇరుకైపోయింది.

"ఆపవే గవరా!" ఊపిరి అరిచింది. "శత్రువెవరే ఇక్కడ? కొట్టేదీ నువ్వే, పడేదీ మనమే! పిల్లకి గాలాడటం లేదే!"

గవరమ్మ చుట్టూ చూసింది. బెదిరిపోయి గోడకంటుకున్న పుప్పొడి పిల్లలు. ఈలవేసినట్టు కీచుమంటున్న పిల్ల ఊపిరి. జ్వరమారి తొమ్మిది రోజుల్లో చెయ్యలేని పని తను ఒక్క ఘడియలో చెయ్యబోయింది! చేతిలో రోకలి జారిపడింది.

మర్నాడు పొద్దున్నే ఒంట్లోని ఇంటిల్లిపాదీ చేరారు.

"దీన్ని పంపించేద్దాం," అంది వాచిన ముక్కు.

"రేపు జ్వరమారి వస్తే నువ్వు దంచుతావా?" అంది గొంతు.

ఊపిరి గవరమ్మని దగ్గర కూర్చోబెట్టుకుని, ఆమె అరచేతిలో ఒకే ఒక్క పుప్పొడి రేణువు పెట్టింది. "రంగు కాదే, మొహం చూడు."

గవరమ్మ చూసింది. ఎంత బిగబట్టినా ఉలిక్కిపడింది. అచ్చియమ్మ హాచ్చని తుమ్మింది. బయటినుంచి తల్లి గొంతు వినిపించింది: "చిరంజీవ!"

అప్పటినుంచే పూతల కాలంలో కొందరికి తుమ్ములు, కళ్ళ మంట, ఆయాసం. వాళ్ళ ఒంట్లో ఉన్న, ఇలాగే ఓసారి మోసపోయిన గవరమ్మలు పుప్పొడిని చూసి ఈనాటికీ ఉలిక్కిపడుతూనే ఉన్నారు.